కోసిన మడ్‌గార్డ్

నైరోబీ పారిశ్రామిక వాడలో టింకరింగ్ పనికి న్జియోకి పెట్టింది పేరు. అతనికి అరవై రెండేళ్లు. అక్కడ చేతిపనివాళ్లను ఫండీలంటారు, అతన్నీ అందరూ అలాగే పిలుస్తారు. గథేచా అనే వ్యాపారి తన తండ్రి నడిపిన పాత ప్యూజో 404 కారును అతనికి అప్పగించి పదమూడు నెలలైంది. ఎప్పుడో ఒక ర్యాలీలో అడవిదున్నను గుద్దడంతో ఆ కారు ముందు భాగం కుడికి కాస్త ఒరిగిపోయింది. ఎంత లాగినా ఆ వంకర పూర్తిగా పోలేదు. అందుకని కుడి మడ్‌గార్డ్‌నూ ముందు బంపర్‌నూ న్జియోకి తన చేత్తోనే రేకు కొట్టి, ఆ వంకరకు సరిపడా తయారుచేశాడు. రెండింటినీ పెట్టి చూస్తే మధ్య సందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే తీరుగా ఉంది. పెయింటు వేసే అడోంగో ఆ సందు వెంట వేలు జరిపి, "నీ పెళ్లాం కూడా నీతో ఇంతలా సర్దుకుపోయి ఉండదు, ముసలోడా!" అని నవ్వింది.

బయటి భాగాలు బిగించే రోజు వచ్చింది. హెడ్‌లైట్ల రింగులు, తలుపుల పిడులు, పక్కల మెరిసే పట్టీలు, ముందు కంపెనీ గుర్తయిన సింహం బొమ్మ అన్నీ మధ్యాహ్నానికల్లా ఎక్కించేశారు. ఇక బంపరే మిగిలిందనగా గథేచా పెద్ద అట్టపెట్టెతో దిగాడు.

"ఫండీ, ఇదిగో అసలు సరుకు. ఫ్రాన్సు నుంచి తెప్పించాను. దీన్ని బిగించు."

"ఉన్నదానికేమైంది బాబూ?"

"చేత్తో కొట్టిందంటే పాత కార్ల పోటీలో నవ్వుతారయ్యా!"

కొత్త బంపర్ ఎడమవైపు బాగానే కూర్చుంది. కుడివైపు మాత్రం మడ్‌గార్డ్‌లోకి పొడుచుకుపోయింది. వాషర్లు వేశారు, బిగింపు పట్టీలు వంచారు. ఏం చేసినా రెండు వేళ్ల మందం అడ్డమే.

"ఈ బండి వంకర ఆ పెట్టెకి తెలీదు బాబూ" అన్నాడు న్జియోకి.

"అయితే మడ్‌గార్డ్ అంచు కోసెయ్. ఆదివారమే పోటీ."

"రెండు నెలలు కొట్టాడయ్యా దాన్ని!" అంది అడోంగో.

"నీ వల్ల కాదంటే చెప్పు. పక్క వీధిలో గ్రైండర్ ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు" అన్నాడు గథేచా న్జియోకితో.

న్జియోకి కారు వైపు చూశాడు. పక్క వీధివాడు వస్తే అంచుతో పాటు సగం ముందు భాగాన్ని నాశనం చేసి పోతాడని అతనికి తెలుసు. గ్రైండర్ అందుకున్నాడు. నిప్పురవ్వలు మోచేతి మీద పడుతున్నా ఆపలేదు. కోసిన అంచును లోపలికి మడిచి, ఆకురాయితో నున్నగా రుద్దాడు. అడోంగో గొణుక్కుంటూనే మళ్లీ రంగు కొట్టింది.

ఆదివారం గుర్రప్పందాల మైదానంలో పోటీ జరిగింది. దుమ్ము తుడవడానికి న్జియోకిని రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడ్డ పట్టుకుని బండి వెనక నిలబడ్డాడు. మార్కులు వేసే తెల్లటోపీ పెద్దమనిషి కుడి మడ్‌గార్డ్ దగ్గర వంగి, అంచు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

"ఇక్కడ కోసేశారే! ఎవరు చేసిన పని ఇది?"

"ఏం చేస్తాం సార్" అన్నాడు గథేచా, చేతులు రెండూ చాపుతూ. "మన ఫండీలంతే. సుత్తి ఇస్తే చాలు, ఏదో ఒకటి పాడుచేస్తారు."

పెద్దమనిషి తల పంకించి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. గథేచా వెనక్కి తిరిగి చూడలేదు. న్జియోకి చేతిలో గుడ్డ బానెట్ మీద పరిచి, గేటు దాటి, ఊళ్లో తిరిగే మటాటూ వ్యాను ఎక్కాడు. దారిలో కండక్టరు రెండుసార్లు అడిగితే గానీ దిగే చోటు చెప్పలేకపోయాడు.

మర్నాడు విషయం విని అడోంగో ఉగ్రురాలైంది. "నోరు లేదా నీకు? అక్కడే కడిగెయ్యాల్సింది!"

"కోసింది నేనే కదమ్మా. ఏమని కడగను?"

రెండు వారాలకు గథేచా ఫోన్ చేశాడు. తన తమ్ముడి దగ్గరా ఒక పాత బండి ఉందట, సామానంతా పెట్టెల్లో వస్తుందట.

"అయితే పెట్టెలు విప్పేవాడు చాలు బాబూ. నాతో పనేముంది?" అని న్జియోకి ఫోన్ పెట్టేశాడు.

ఆ వర్షాకాలమంతా మటాటూల సొట్టలు తీస్తూ గడిపాడు. పాత బండి పట్టుకుని ఎవరొచ్చినా, చేతులు వణుకుతున్నాయని చెప్పి పంపేసేవాడు. అతని చేతులు ఏమాత్రం వణికేవి కావు.