బావగారి క్యారెట్ మడి

మా ఆయన కరెంటు పనికి నిచ్చెనెక్కి, జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కబురు విని, సాయం చేస్తానంటూ వాళ్లన్నయ్య దిగారు. గడియారాల కొట్టు కొడుక్కి అప్పగించి ఊరికే ఉన్న మనిషి. వచ్చిన సాయంత్రమే, తమ్ముణ్ని బాత్రూం దాకా పట్టుకోమన్నాను.

"నాకు నడుం పట్టేసిందమ్మా. నువ్వు పట్టుకో, నేను తలుపు తీస్తా" అన్నారు.

తీశారు. ఆ పుణ్యమైనా దక్కింది.

మర్నాడు పెరట్లో క్యారెట్ మడి పలుచన చేస్తున్నాను. ఆ విత్తనాలు ఎంత జాగ్రత్తగా చల్లినా ఒత్తుగానే మొలుస్తాయి. మడి తడిపి, బలమైన మొలక ఉంచి, చుట్టూ ఉన్నవి పీకెయ్యాలి. పీకినవి పక్కన పడేస్తుంటే బావగారు పరుగున వచ్చారు.

"అయ్యయ్యో, పసిప్రాణాలు! నీకు చేతులెలా వచ్చాయమ్మా?"

"క్యారెట్ నారు పీకి నాటితే బాగుపడదండీ. వేరు వంకర్లు పోతుంది."

"ప్రేమగా నాటితే ఏదైనా బతుకుతుంది."

చిక్కుడు కోసం నేను తవ్వి ఉంచుకున్న మడి కాస్తా ఆయన సొంతమైపోయింది. పట్టేసిన నడుం ఎలా వంగిందో గానీ, పొద్దున కూర్చున్నవారు భోజనానికి పిలిచేదాకా లేవలేదు. ఒక్కో మొలకనీ రెండు వేళ్లతో ఎత్తి, పుల్లతో గుంట చేసి నాటారు. ఎండ తగలకుండా గొడుగు కూడా పట్టారు. నిజంగానే, గొడుగు.

నేను మేడమీద బట్టలు ఆరేస్తుంటే లోపల్నించి మా ఆయన గొంతు వినబడింది.

"అన్నయ్యా, కాసిని మంచినీళ్లు అందించవా?"

"చేతులకి మట్టిరా! అమ్మాయీ, వీడికేదో కావాలట!"

నేను మెట్లు దిగి వచ్చేసరికి, మా ఆయన చెంబు కోసం వంగి మంచం మీంచి పడిపోయాడు. విరిగిన కాలికి మళ్లీ దెబ్బ తగల్లేదు, అదే అదృష్టం. బావగారు గుమ్మంలో నిలబడి, "చిన్నప్పట్నుంచీ నీకు తొందరెక్కువరా" అన్నారు.

నాకు కోపం కూడా రాలేదు. కోపగించుకోవడానికైనా ఎదురుగా ఒక మనిషుండాలి కదా.

రెండు నెలలకి మా ఆయన కాలి కట్టు విప్పారు. క్యారెట్లు తవ్వే రోజూ వచ్చింది. నా మడిలోవి నిటారుగా వచ్చాయి. ఆయనవి చూడాలి! ఒకదానికి మూడు కాళ్లు, ఒకటి పీతలాగా, మరొకటి ముడిపడ్డ తాడులాగా.

"నేల మంచిది కాదు" అని తేల్చేశారు.

"పక్క మడి నేల కూడా ఇదేనండీ" అన్నాను.

అన్నయ్య కదా, పోనీలే అంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చిన మా ఆయన, చేతికర్ర ఊతంతో వచ్చి ఆ కుప్పని కాసేపు చూశాడు.

"అన్నయ్యా, ఇక బయల్దేరు."

"నీ కాలు ఇంకా..."

"నువ్వున్నా లేకపోయినా అంతే తగ్గుతుంది."

బావగారు మొహం మాడ్చుకుని వెళ్లిపోయారు. వారం తిరక్కుండా చిన్నత్తగారు ఫోన్ చేసింది.

"పెద్దాయన్ని ఇంట్లోంచి తరిమేశావటగా?"

"తరిమింది వాళ్ల తమ్ముడే, అత్తయ్యా. నేను సంచి సర్దానంతే" అన్నాను.