జరీ ముడి

ధర్మవరంలో గంగాధరప్ప అంగడికి సోడా తాగను వచ్చేవాళ్ల కంటే గుండ్ల మిషను ఆడను వచ్చేవాళ్లే ఎక్కువ. బెంగుళూరులో ఆయన వంట చేసిన క్లబ్బు మూతపడినప్పుడు, అందరూ అక్కరలేదన్న ఆ మిషన్ని లారీకెత్తించుకొని వచ్చినాడు. ఏటవాలు పలక, దాని మీద దొర్లే ఉక్కు గుండు, గుండు కిందికి జారిపోకుండా కొట్టే రెండు రెక్కలు, తగిలితే మోగే గంటలు. మగ్గం దిగిన నేతగాళ్లు సాయంత్రమైతే దాని చుట్టూ చేరేవాళ్లు. పక్కనే ఇనప మంచం మీద గంగాధరప్ప పడుకొని గంటలు వింటుండేవాడు.

పది రోజులుగా గంటల్లేవు. కుడి రెక్క నొక్కితే చాలు, ఫ్యూజు కాలిపోతుంది.

ఆయన భార్య మారక్కకు రెండో మగ్గం రావాల్సి ఉంది. చోటు లేదు. "శుక్రవారం జయరాముడు పాత ఇనుము బండి తెస్తాడు. అప్పటికి బాగైతే ఉంటాది, లేకుంటే పోతాది" అని గంగాధరప్పే అన్నాడు. అన్న మాట తనకే మింగుడుపడక, హిందూపురంలో టీవీలు రిపేరు చేసే మేనల్లుడు మల్లికార్జునకు కబురంపినాడు. ఆ ఇంటివాళ్లలో డిగ్రీ చదివింది మల్లికార్జున ఒక్కడే.

శుక్రవారం పొద్దున్నే బస్సు దిగినాడు.

"డిగ్రీ వచ్చిందప్పా, ఇంక మిషనుకు జ్వరం దిగినట్లే" అంది మారక్క.

"టీ ఇయ్యత్తా, నాకు బస్సు బడలిక దిగల్ల ముందు."

ఫ్యూజులు దండగ కాకుండా మల్లికార్జున కరెంటు తీగలో ఒక బల్బు కలిపినాడు. తీగలు ఎక్కడైనా కలుసుకుంటే అది భగ్గున వెలుగుతుంది. పలక ఎత్తి, కింద కట్టె ఆనించి, కుడి రెక్క నొక్కినాడు. రెక్క టపుక్కున కొట్టింది, బల్బు మసగ్గానే ఉంది. పలక దించి నొక్కినాడు. బల్బు భగ్గుమంది. మళ్లీ ఎత్తితే మంచిగుంది. దించితే చెడింది.

"నువ్వు చూస్తాంటే చెడిపోను సిగ్గుపడతాండాదేమో" అన్నాడు మామ.

అంతలో జయరాముడి బండి వచ్చి ఆగింది. "తొందర లేదులే" అని సోడా తీసుకొని కూర్చున్నాడు గానీ, కండ్లు మిషను మీదే.

మల్లికార్జున వైర్ల వైపు చూసినాడు. కాలేజీలో ప్రతిదానికీ వైర్ల బొమ్మ గీసిచ్చేవాళ్లు. దీనికి బొమ్మ లేదు. ఎత్తితే ఏం మారుతుంది? పలక కింద వేలాడేవి పక్కకు జరుగుతాయి. అంతే కదా.

"అత్తా, నీ అద్దం తే."

పలక దించే ఉంచి, ముందరి చిన్న తలుపులోంచి టార్చీ, అద్దం లోపలికి పెట్టినాడు. అద్దంలో బంగారంలా ఏదో మెరిసింది. వైర్ల కట్టకు ముడి. నాలుగు పోగులు పేనిన జరీ. దాని కొస రెక్కను కదిలించే తీగచుట్ట, కాయిలు మీద పడి, కాయిలు రెండు కొనలనూ కలుపుతోంది.

కత్తిరించి బయటికి తీసినాడు. గంగాధరప్ప కండ్లద్దాలు పెట్టుకొని చూసినాడు.

"ఇది మగ్గం మీద వేసే ముడి."

మారక్క ముడిని చేతిలోకి తీసుకుంది. "వైర్లు వేలాడతాండె. నడుము నొప్పితో నువ్వు వంగలేవు. దారమైతే ఎలుకలు కొరుకుతాయని జరీతో కట్టినా. నాకేం తెలుసు?"

"జరీలో కరెంటు పారుతుందత్తా. అంతే. కట్టడం మాత్రం బాగా కట్టినావు."

"చీరకు పెట్టేది దీనికి పెట్టినావా" అన్నాడు గంగాధరప్ప, మెల్లగా.

మారక్క నూలు దారం తెచ్చి మళ్లీ తానే ముడి వేసింది. బల్బు తీసి ఫ్యూజు పెట్టి పలక దించినారు. కుడి రెక్క నొక్కితే గుండు ఎగిరింది, గంట మోగింది.

"అయితే నాకేం లేదా?" అన్నాడు జయరాముడు.

"ఆ ఇనప మంచం తీసుకపో. సోడా పెట్టెలు బయటికి జరిపితే ఆడ మగ్గం పడతాది" అంది మారక్క.

"నేను యాడ పండుకోవల్ల?" అన్నాడు గంగాధరప్ప.

"మిషను కింద పండుకో. వైర్లు చూసుకుంటా ఉండు."