ఏడు బిట్లూ ఒక గడియా

స్నానాలగది గడియ ఊడి నెలన్నర అయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో లోపలికి వెళ్లినవాళ్లు పాడుతూ ఉండాలన్నది నియమం. పాట ఆగిందంటే గది ఖాళీ అన్నమాట. ఇంటి యజమాని అయిన టైలర్‌కి పాటలు రావు కాబట్టి ఎక్కాలు అప్పజెప్పేవాడు. పదమూడో ఎక్కం దగ్గర తడబడి ఆగిన రోజున, చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది తలుపు తోసేశాడు. ఆ సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

వడ్రంగిని పిలుద్దామని భార్య అన్నప్పుడల్లా టైలర్‌కి ఒళ్లు మండేది. ఇరవై ఏళ్లుగా అత్తగారి ముందు తన పనితనం గురించి కోతలు కోసినవాడు మరి! ఆ అత్తగారే ఈ సాయంత్రం దిగుతోంది. ఆవిడ చేత స్నానాలగదిలో పాట పాడించే ధైర్యం ఎవరికీ లేదు.

పొద్దున్నే తలుపు ఇనుప చట్రానికి డ్రిల్లు ఆనించాడు. డ్రిల్లు మొనకుండే బిట్ కుయ్యోమంది, పొగ వచ్చింది, బెజ్జం మాత్రం పడలేదు. మొద్దుబారిందని తేల్చేసి, వెనక గదిలో కుట్టుమిషను పక్కనున్న సానరాయి గ్రైండర్ ముందు కూర్చున్నాడు. కత్తెరలకు సానపట్టే చేతికి ఇదెంత? బిట్‌ను ఏటవాలుగా రాయికి ఆనించి, నిప్పురవ్వలు ఎగిరాక నీళ్లలో ముంచి, రెండు అంచులూ సమానంగా ఉన్నాయో లేదో మెడలోని టేపుతో కొలిచాడు. చట్రం దగ్గరికి వెళితే మళ్లీ పొగే.

రెండోది పట్టాడు. మూడోది పట్టాడు. మధ్యాహ్నం దాటేసరికి ఏడు బిట్లూ అరిగి చిటికెన వేలంత అయ్యాయి.

"ఇంకాస్త అరగదీస్తే సూదుల డబ్బాలో పెట్టేసుకోవచ్చు," అంది భార్య.

"ఇనుము మొండిదే. పాతకాలం సరుకు."

"పోనీ వడ్రంగిని..."

"ఆ మాటెత్తకు!"

అత్తగారు చెప్పినదానికంటే రెండు గంటలు ముందే వచ్చేసింది. సంచి కింద పెట్టకుండానే, చట్రానికి డ్రిల్లు ఆనించి తంటాలు పడుతున్న అల్లుడి వెనక నిలబడి చూసింది.

"అల్లుడుగారూ," అంది మెల్లగా, వంటగదిలో ఉన్న కూతురికి వినపడకుండా. "మిషను చక్రం వెనక్కి తిప్పితే దారం తెగుతుందని నాకు మీరే చెప్పారు. ఇదీ వెనక్కే తిరుగుతున్నట్టుందే?"

టైలర్ చూసుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం. డ్రిల్లు పట్టుకున్నప్పుడల్లా వేలు తగిలి, పక్కనున్న దిశ మార్చే బొత్తాం జరిగిపోతోంది. పొద్దుటినుంచి ఏ పాపం ఎరగని ఏడు బిట్లను శిక్షించాడన్నమాట. బొత్తాం సరిచేయగానే ఆ పొట్టి బిట్ ఇనుములోకి సర్రున దిగింది. పది నిమిషాల్లో గడియ బిగిసింది.

భార్య పరుగున వచ్చింది. "ఎలా పడింది బెజ్జం?"

టైలర్ నోరు తెరిచేలోగా అత్తగారు అందుకుంది. "సాన అంత బాగా పట్టారమ్మా మీ ఆయన. ఏం పదును!"

చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చి అతనికి మొదటిసారి సిగ్గేసింది. ఆవిడంటే మొదటిసారి ప్రేమ కూడా పుట్టింది. భార్య అంత మెచ్చుకోలుగా చూస్తుంటే ఇక తట్టుకోలేకపోయాడు. గబగబా స్నానాలగదిలోకి దూరి, గడియ వేసుకుని, లోపలినుంచి అరిచాడు.

"డ్రిల్లు వెనక్కి తిరిగిందే! పొద్దుటినుంచీ! మీ అమ్మే కనిపెట్టింది!"

బయట తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వుతూ తలుపు తోశారు. ఎంత తోసినా గడియ కదల్లేదు.