ఘాటు మధ్యలో ఆగే లారీ

మా బావ లారీకి నా షెడ్డంటే మహా గౌరవం. గేటు దాటి లోపలికి వచ్చిందంటే చాలు, ఏ రోగమూ లేనట్టు బుద్ధిగా నడుస్తుంది. వెనకాల టైల్స్ లోడు పెట్టుకుని కొండమీది ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రం సగంలో దగ్గి, గింజుకుని, ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది. ఇంకొంత దూరం పోయి మళ్లీ ఆగుతుంది. వానలు మొదలైనప్పటి నుంచీ ఇదే తంతు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

నేను చెయ్యనిది లేదు. డీజిల్లో నీళ్లు కలిశాయేమోనని ట్యాంకు కడిగాను. ఫిల్టర్లు మార్చాను. పైపులన్నీ విప్పి గాలి కొట్టాను. పంపు దించి పరీక్ష చేయించాను. "ఇక చూడు బావా, ఎగురుకుంటూ పోతుంది" అని పంపిస్తాను. మధ్యాహ్నానికల్లా ఫోను. "బామ్మర్దీ, నీ ఎగిరేది ఇక్కడ రోడ్డు పక్కన పడుకుంది. వచ్చి నిద్ర లేపుతావా?" అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, పైన ఆయన వెటకారం. నడపడం రానివాళ్ల చేతిలో కొత్త ఇంజనైనా ఆగుతుందని నేనూ అంటించేవాణ్ణి. తీరా రెంచీలూ స్పానర్లూ మోసుకుని ఘాటెక్కి పోతే, అది సుబ్బరంగా స్టార్టయ్యేది.

మా ఇద్దరి మధ్యా ఒక పాత గొడవుంది. మా అక్కతో పెళ్లయిన కొత్తలో బావ డీజిల్ కొట్టించడం మర్చిపోయి దారిలో ఆగిపోయి, ఇంజను చెడిపోయిందంటూ నన్ను అంత దూరం పరిగెత్తించాడు. ఆనాటి నుంచీ ఆయన లారీ నా దగ్గరికి వస్తే బానెట్ సంగతి తర్వాత, ముందు ట్యాంకు దగ్గరికే పోతాను. మూత తీసి, కర్ర ముంచి చూసి, "ఈసారికి ఉందిలే" అని నలుగురికీ వినపడేలా అంటాను. బావ మొహం మాడుతుంది. అది చూశాక గానీ నాకు పని మీద మనసు పోదు.

ఆ మూతకో తొడుగు కూడా ఉంది. కుట్టింది మా అక్క. నా షెడ్డు పక్క గదిలోనే అక్క కుట్టుమిషను, లారీలకి సీటు కవర్లు కుట్టడం తన పని. ఊరందరికీ కుట్టగా మిగిలిన రెగ్జినంతా మా బావ మీద పడుతుంది. స్టీరింగుకి తొడుగు, గేరు రాడ్డుకి తొడుగు, అన్నం క్యారియరుకి తొడుగు. చివరికి బావ మెడకి కూడా ఓ ఉన్ని మఫ్లరు. చల్లగాలి తగులుతుందని పొద్దున్నే గుమ్మంలో నిలబెట్టి తనే ముడి వేస్తుంది. నలుగురిలో నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి, ఆ ముడి దగ్గర మాత్రం కుక్కిన పేనులా నిలబడతాడు. వాన నీళ్లు ట్యాంకులో పడకూడదని ఈ ఏడు అక్క మూతకి కూడా తొడుగు కుట్టింది. లోపల పాత ట్యూబు రబ్బరు వేసి, ట్యాంకు మెడ చుట్టూ బెల్టు బిగించింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

ఒకరోజు బావ షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వెటకారం లేదు. నాకు భయమేసింది.

"టైల్స్ గిడ్డంగి మేనేజరు తేల్చి చెప్పేశాడ్రా. రేపు గనక లోడు ఆలస్యమైతే ఇక మన లారీని పిలవడట" అన్నాడు. "ఆగితే అమ్మేస్తాను. పాత ఇనుము కొనేవాణ్ణి ఎల్లుండి రమ్మన్నాను. గిడ్డంగి గేటు దగ్గర కాపలా పనుందట, కూర్చుంటాను."

కూర్చోవడమట. అన్నం కూడా నిలబడి తినే మనిషి. లారీ లేని బావని నేను ఊహించుకోలేకపోయాను. "రేపు నేనూ వస్తా. నా కళ్ల ముందు ఎలా ఆగుతుందో చూస్తా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. కింది రోడ్డంతా రాణిలా నడిచింది. ఘాటు మొదలైంది. రెండో మలుపు తిరిగాక బావ నా వైపు చూశాడు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా బండి మెల్లబడుతోంది. ఓ దగ్గు దగ్గింది. ఇంకోటి. ఆగిపోయింది. బావ హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

నేను దూకి, అలవాటు కొద్దీ నేరుగా ట్యాంకు దగ్గరికే పోయాను. "అయ్యో, ఇప్పుడు కూడానా" అని పైనుంచి బావ గొంతు. నిజంగా ఏడుపు గొంతే. అయినా నా చెయ్యి ఆగదు కదా. బెల్టు విప్పాను, తొడుగు లాగాను, మూత తిప్పాను.

బుస్సుమంటూ ట్యాంకు గాలిని లోపలికి లాక్కుంది. నీళ్లలో మునిగినవాడు పైకి తేలి ఊపిరి పీల్చుకున్నట్టుంది ఆ చప్పుడు. ట్యాంకు పక్క రేకు లోపలికి సొట్టపడి ఉన్నది కాస్తా టప్పుమని బయటికొచ్చింది. నేను మూత చేత్తో పట్టుకునే కేకేశాను.

"బావా, స్టార్ట్ చెయ్యి."

మొదటి తాళానికే అందుకుంది.

డీజిల్ బయటికి పోతుంటే దాని చోట్లోకి గాలి రావాలి. అందుకే మూతలో సన్నటి రంధ్రం పెడతారు. దాని మీద అక్క రబ్బరు అతుక్కుపోయింది. లోపలికి గాలి లేదు, ఇక పంపు ఎంత పీల్చినా డీజిల్ రాదు. ఎత్తు మీద ఎక్కువ డీజిల్ కావాలి గనక అక్కడే పీక పట్టేస్తుంది. ఆగాక మెల్లమెల్లగా ఏ సందులోంచో గాలి చేరుతుంది, నేను వెళ్లేసరికి అంతా బాగుంటుంది. ఇక షెడ్డులో అయితే ముందు మూత తీసేది నేనే. అంటే ఇన్నాళ్లూ నా చేత్తోనే మందేసి, తర్వాత తీరిగ్గా రోగం వెతికానన్నమాట. "మరి నువ్వెందుకు తీసి చూడలేదు?" అని బావ మీద అరిచాను. "నేను తీస్తే డీజిల్ అయిపోయిందని నేనే ఒప్పుకున్నట్టు కాదూ?" అన్నాడు. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. టైల్స్ వేళకి చేరాయి.

ఇంటిదారి పట్టాక నవ్వు తగ్గింది. ఈ సంగతి అక్కకి చెప్పేదెవరు?

"నువ్వు తోడబుట్టినవాడివి" అన్నాడు బావ. "నువ్వు కట్టుకున్నవాడివి" అన్నాను నేను. చివరికి ఎవరమూ చెప్పలేదు. వీధి మలుపు దాటాక తొడుగు తీసి సీటు కింద పెట్టడం, ఇంటికొచ్చేముందు మళ్లీ తొడగడం బావకి రోజువారీ పనైంది. పాత ఇనుమువాడు వస్తే బావ టీ ఇచ్చి పంపేశాడు. అంతా చల్లగా గడిచిపోతోందనుకున్నాం.

ఒక సాయంత్రం అక్క తొడుగు చేత్తో పట్టుకుని షెడ్డులోకొచ్చింది. బావా నేనూ తేలుకుట్టిన దొంగల్లా నిలబడ్డాం.

"లారీ అంతా బురద. దీని మీద చుక్క లేదు. నలుగురిలో పెట్టుకోడానికి నామోషీగా ఉందా?" అని నిలదీసింది.

బావ నీళ్లు నమిలి నమిలి, ఇక లాభం లేదని మొత్తం చెప్పేశాడు. అక్క తొడుగు తిరగేసి లోపలి రబ్బరు తడిమి చూసింది.

"మీరు ఆ కొండ మీద ఆగిపోయినప్పుడల్లా ఇక్కడ నాకు సూదిలో దారం ఎక్కేది కాదు" అంది. "మీరు వేళకి ఇంటికి రావాలనే కదా ఇది కుట్టింది. ఇదే అడ్డమంటే నేనే చింపి పారేసేదాన్ని. నా కుట్టుకేం, మళ్లీ కుట్టుకుంటాను. ఒక్క ముక్క చెప్పడానికి ఇద్దరికీ నోరు పెగల్లేదా?" నా వైపు తిరిగి, "నువ్వూ ఓ మెకానిక్కువి" అంది. 

వెంటనే మిషను దగ్గర కూర్చుంది. రబ్బరు ఊడదీసి అవతల పారేసింది. తొడుగు కిందివైపు, వాన పడని చోట, చొక్కాకి కుట్టినట్టే చక్కటి కాజా ఒకటి కుట్టింది. నేను చూశాను, గాలి హాయిగా ఆడుతుంది.

మర్నాడు పొద్దున్న తనే ట్యాంకుకి ఆ తొడుగు తొడిగి, గుమ్మంలోకొచ్చి ఎప్పట్లాగే బావ మెడకి మఫ్లరు బిగించి కట్టింది. వెనక్కి తిరగబోయి ఆగింది. ముడి కింద వేలు పెట్టి చూసింది. మెల్లగా వదులు చేసింది.

"ఊపిరాడుతోందా?" అని అడిగింది.

బావ ముడి తడిమి చూసుకున్నాడు. "ఆడుతోందే" అన్నాడు. అన్నాక కూడా లారీ ఎక్కకుండా కాసేపు అక్కడే నిలబడ్డాడు.