ఆంజి ముక్కలు

రెండో బకెట్టు నీళ్లు అయిపోయినా ల్యాండ్ క్రూజర్ చక్రాల సందుల్లోంచి ఇసుక రాలుతూనే ఉంది. చిన్నప్ప విసుక్కోలేదు. పదిహేడేళ్లుగా గల్ఫ్‌లో, అల్ హిలాల్ పేటలోని ఆ విల్లా ముందు పొద్దున్నే ఈ బండికీ, దీనికి ముందున్న రెండు బండ్లకీ స్నానం చేయించిన డ్రైవరు. కుడి మోకాలు నేలకు ఆనించి, తడిగుడ్డతో వెనక చక్రం లోపలి అంచు తుడిచాడు. రేపట్నుంచి ఎవడు కడిగినా ఆ అంచు వదిలేస్తాడని అతనికి గట్టి నమ్మకం. సాయంత్రం విమానం. ఎండకు వెలిసిన చొక్కా జేబు పాస్‌పోర్టు బరువుకు ఒక పక్కకి జారి ఉంది.

తాళాలు యజమాని తల్లి చేతికిచ్చి, పెట్టె పట్టుకుని నజ్మా పేటలోని స్నేహితుల గదికి బయల్దేరాడు. ఊరికి పోయేలోగా అక్కడ ఒక పని మిగిలింది. ఆంజి పేరు బాగుచేయాలి.

నజ్మాలోని ఆ గదిలో శుక్రవారం మధ్యాహ్నాలు బిర్యానీ, ఆ పైన మూడు ముక్కలాట. పందెం డబ్బులు కాదు, డేక్షా. ఎవరి ముక్కలు అందరికన్నా చిన్నవో వాడు అడుగంటిన డేక్షా తోమాలి. చూపించకుండా పడేసినవాడూ తోమాలి. అందులో రెండు నల్ల ఆసులు, ఒక ఎర్ర ఎనిమిది కలిసి వస్తే మాత్రం ఎంత మొనగాడైనా నోరు మూసుకుని ముక్కలు పడేసి డేక్షా దగ్గరికి నడవడమే. నాలుగేళ్లుగా అదే ఆచారం. వాటికి గౌస్ మొహియుద్దీన్ పెట్టిన పేరు 'చావు ముక్కలు'. చిన్నప్ప ఒక్కడే 'ఆంజి ముక్కలు' అంటాడు.

ఆంజి అనంతపురం డ్రైవరు. నాలుగేళ్ల కిందట, కిటికీ పక్క మంచం మీద, ఆ మూడు ముక్కలూ గుండెల మీద పెట్టుకుని పోయాడు. వంట చేస్తున్న గౌస్ వెనక్కి తిరిగేసరికి చూసింది అంతే. అంతకు ముందు జరిగింది చూసినవాడు చిన్నప్ప. చెప్పబోతే వినేవాడెవడు? ఎడారిలో పోయే సల్వా రోడ్డులో ఒంటె చెయ్యెత్తి లిఫ్టు అడిగిందనీ, ముందు సీట్లో కూర్చుని ఏసీ పెంచమందనీ చెప్పినవాడు చిన్నప్పే. ఆంజి ముక్కల గురించి కూడా మొదట్లో మూడు రకాలుగా చెప్పాడు. వాటిలో ఒకదాంట్లో డేగ ఉంది, ఒకదాంట్లో షేకు ఉన్నాడు.

ఈ శుక్రవారం కూడా బిర్యానీ అయింది. గౌస్ చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. హోటల్లో వంటమనిషి, హైదరాబాదువాడు. అతని పక్కన రఫీక్, రాయచోటివాడు, ఇంటి డ్రైవరుగా వచ్చి ఏడాదైంది.

"పొయ్యేముందు ఒక్క నిజం చెప్తా, ఇనండబ్బీ," అన్నాడు చిన్నప్ప ముక్కలు కలుపుతూ. "ఆ పొద్దు ఆంజి గెల్సినాడు. ముక్కలు చూపిచ్చి, మీరే తోముకోండ్రా అని నవ్వి, కునుకు తీస్తానని పండుకున్నాడు. అంతే."

గౌస్ పళ్లు కుట్టుకుంటూ విన్నాడు. "ఒంటె యాడుంది ఇందుల?"

"ఒంటె ల్యా."

"డేగ?"

"అదీ ల్యా."

"అయితే ఇది నీ కథ కాదు మియా. ఎవరిదో ఎత్కొచ్చినవ్."

రఫీక్ పకపకా నవ్వాడు. చిన్నప్ప కూడా నవ్వి, కోయమని పేక గౌస్ ముందుకు జరిపాడు. అతని బొటనవేలి గోరు ఈ మధ్యాహ్నం కాస్త ఎక్కువ పొడుగ్గా ఉంది. ఎవరూ గమనించలేదు.

పంచాడు. రఫీక్ ముందు పడ్డ మూడో ముక్క వెనక టీ గ్లాసు అడుగు మచ్చ గుండ్రంగా ఉంది. ఎర్ర ఎనిమిది. ఆ మచ్చ గదిలో అందరికీ తెలుసు. రఫీక్ మిగతా రెండూ ఎత్తి చూసి, వెంటనే బోర్లా పెట్టేశాడు.

"నాకొద్దు మామా. రేపు తెల్లారితే సల్వా రోడ్డు డ్యూటీ. డేక్షా నేనే తోముతా."

"రేపు ఆ రోడ్డు మీద పొయ్యేటప్పుడు నీ పక్కన ఎవురుంటారు?"

"ఎవురూ ఉండరు."

"ఆంజి ఉంటాడనుకో. పదకొండేండ్లు ఆ రోడ్డు మీద తోలి, బండికి ఒక గీత పడనీలేదు. ఇది అబద్దమా గౌస్ బాయ్?"

"కాదు," అన్నాడు గౌస్. "గా మాట మాత్రం నిజం."

"చూపియ్యబ్బీ."

రఫీక్ కళ్లు మూసుకుని తిప్పాడు. ఆసుల జత. గౌస్ దగ్గర రాణుల జత. చిన్నప్ప దగ్గర రెండు, నాలుగు, ఏడు. అంతకన్నా దరిద్రపు ముక్కలు ఆ గదిలో ఎప్పుడూ పడలేదు.

రఫీక్ ఒక కన్ను తెరిచాడు. గుండె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. కొట్టుకుంటోంది.

"గెల్సినా మామా," అన్నాడు మెల్లగా.

"ఆంజి కూడా ఇట్లనే అన్యాడు," అంటూ చిన్నప్ప చేతులు మడుచుకుని డేక్షా దగ్గరికి నడిచాడు.

బూడిద, కొబ్బరిపీచు, కొంచెం సబ్బు. బండి చక్రం తోమినంత శ్రద్ధగా లోపలి అంచు తోమాడు. వెనక గౌస్ ముక్కలు ఏరుతున్నాడు. ఒక ఆసు మూల మీద బొటనవేలు ఆగింది. రెండో ఆసు మూల మీద మళ్లీ ఆగింది. గోటిగాటు, ఇంకా పచ్చిగా ఉంది. గౌస్ తలెత్తి చిన్నప్ప వీపు వంక చూశాడు. తోముతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"ఈ ముక్కల్ని ఇప్పుడు ఏమనాల గౌస్ బాయ్?" అన్నాడు రఫీక్ చెప్పులు వేసుకుంటూ.

గౌస్ గాట్లను బొటనవేలితో నున్నగా రుద్దాడు. "ఆంజి ముక్కలు," అన్నాడు. "ఇంకేమంటవ్?"

రఫీక్ చిన్నప్ప పెట్టెను తన కారులో పెట్టాడు. గౌస్ గుమ్మం దాకా వచ్చి, "ఊరికి పోయి ఒంటె ముచ్చట చెప్పు, వాళ్లు నమ్ముతరు," అన్నాడు. చిన్నప్ప ఎప్పట్లా ఎడమ తలుపు తెరవబోయి, ఇవాళ స్టీరింగు తనది కాదని గుర్తొచ్చి నవ్వుకున్నాడు. పదిహేడేళ్లలో మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాడు. కారు సందు మలుపు తిరిగింది.

గదిలో, కిటికీ పక్క మంచం మీద, ఇన్నాళ్లూ వచ్చిన ప్రతిసారీ బోర్లా పడేసిన మూడు ముక్కలు బొమ్మ పైకి పెట్టి ఉన్నాయి.