మింగకూడని వెన్న

మా నాన్న పాల ఫ్యాక్టరీలో వెన్న రుచి చూసే ఉద్యోగం చేసేవాడు. ఈ మాట చెబితే బళ్ళో ఎవరూ నమ్మేవారు కాదు, కోతలు కోయకు అనేవారు. నిజంగానే ఆయన పనల్లా అదే. పొద్దున్నే పొడవాటి బల్ల మీద వెన్న దిమ్మలు వరసగా పెట్టేవారు. గొట్టంలాంటి చెంచాను దిమ్మలోకి గుచ్చి, తిప్పి, బయటికి తీసి, ముందు వాసన చూసి, ఆ తర్వాత చిన్న ముక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. ఏ దిమ్మ పులిసిందో, దేనిలో ఉప్పెక్కువైందో ఇట్టే చెప్పేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా నిండా తియ్యటి పాల వాసన. ఇప్పటికీ ఎక్కడైనా వెన్న కరుగుతుంటే నాకు ముందు ఆ చొక్కా, దాని వెనకే నాన్న గుర్తొస్తాడు.

ఒకరోజు ఆయన మెట్లెక్కుతూ ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. గండం గడిచింది గానీ, గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుందనీ, కొలెస్ట్రాల్ దిగకపోతే మళ్ళీ ఇలాగే జరగొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. మందులు రాసి, కొవ్వు తగ్గించమంది.

అంతే, అమ్మ నడుం బిగించింది. వెన్న, మీగడ సరే, పాలనూ పెరుగునూ కూడా ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. పాల ఫ్యాక్టరీ మనిషి ఇంట్లో పాలచుక్క లేకుండా పోయింది. పెట్టింది తిని లేచేవాడు నాన్న. పెరుగంటే ఆయనకు ప్రాణమని నాకు తెలుసు.

ఇంత చేసినా, మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ దిగాల్సినంత దిగలేదు. అమ్మ అనుమానం తిన్నగా పక్కవీధిలో ఉన్న మా మేనత్త మీదికి పోయింది. తమ్ముడంటే ఆవిడకి పంచప్రాణాలు మరి.

"మీ అక్కయ్యగారు చాటుగా ఏం పెడుతున్నారు?" అని నిలదీసింది.

"ఏమీ పెట్టట్లేదే. నిన్ననే టీ ఇస్తానంటే కూడా వద్దన్నాను. అలిగి కూర్చుంది," అన్నాడు నాన్న.

అమ్మ నమ్మలేదు. నాన్ననూ నన్నూ డాక్టరమ్మ గదిలో కూర్చోబెట్టి తన గోడు వెళ్ళబోసుకుంది. ఆవిడ ఓపిగ్గా విని నాన్నను అడిగింది.

"మీరేం పని చేస్తారండీ?"

నాన్న చెప్పాడు.

"రుచి చూశాక ఉమ్మేస్తారు కదా?"

నాన్న తన చెప్పులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. అమ్మ ఆయన ముఖం చూసింది.

"రోజూ అన్ని దిమ్మలూ మింగుతూ, నన్ను పెరుగు మీద పడనిచ్చారా?" అంది.

డాక్టరమ్మకు నవ్వాగలేదు. తర్వాత నెమ్మదిగా వివరించింది. వెన్నలోని కొవ్వు చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుందట. పెరుగు సంగతి వేరట. చక్కెర కలపని పెరుగు మితంగా తింటే గుండెకు ముప్పు పెరిగినట్టు పరిశోధనల్లో కనపడలేదనీ, షుగరు జబ్బు వచ్చే అవకాశం కాస్త తగ్గొచ్చని కూడా కొన్ని చెబుతున్నాయనీ, అదింకా ఖాయం కాలేదనీ చెప్పింది.

"మీ ఆవిడను పెరుగు పెట్టమనండి. మీరు మాత్రం ఆ వెన్న ఉమ్మెయ్యండి. లేదా ఆ పని వదిలెయ్యండి."

ఇంటికొచ్చాక అమ్మ పెరుగు గిన్నె ముందు పెట్టింది. నాన్న ముట్టుకోలేదు.

"ఉమ్మడానికి ఏమిటండీ కష్టం? తోటివాళ్ళంతా ఉమ్మట్లేదా?" అంది.

"ఉమ్ముతారు. నావల్ల కాదే."

"అయితే మానేయండి."

"ఈ నాలుక తప్ప నాకింకేం వచ్చు?" అన్నాడు. "మా అమ్మ జీవితమంతా వెన్న చిలికింది. అంతా అమ్మకానికే. కవ్వానికి అంటింది మాకు నాకించి, తన చేయి మాత్రం నీళ్ళలో కడిగేసుకునేది. ఒక్కనాడు నోట్లో పెట్టుకోవడం నేను చూడలేదు. ఆవిడ తినలేనిది నా నోటిదాకా వస్తే, దాన్ని ఉమ్మెయ్యమంటే ఎలా?"

అమ్మ గొంతులో కోపం పోయింది. ఆయన పక్కకు జరిగి కూర్చుంది.

"అత్తయ్య తను తినకుండా మీకెందుకు పెట్టారు? మీరు బతకాలనే కదా," అంది.

మర్నాడు పనిలోకి వెళ్ళేటప్పుడు నాన్న నన్ను కూడా రమ్మన్నాడు. ఒంటరిగా చేయడానికి భయం వేసిందేమో.

అద్దం తలుపు ఇవతల నిలబడి చూశాను. గొట్టం దిమ్మలోకి గుచ్చి, తిప్పి, తీశాడు. ముక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటికీ తెరవడేమోనని నాకు కంగారు పుట్టింది. తర్వాత తొట్టి మీదికి వంగి ఉమ్మేశాడు. గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, అదే రుమాలుతో కళ్ళు కూడా తుడుచుకున్నాడు. మళ్ళీ రెండో దిమ్మ దగ్గరికి నడిచాడు.

పని అయ్యాక బయటికొచ్చి, అమ్మ కట్టిచ్చిన పెరుగు గిన్నె మూత తీశాడు. ఏమనాలో తోచక, "ఇవాళ వెన్న ఎలా ఉంది నాన్నా?" అని అడిగాను.

"బాగుందమ్మా," అన్నాడు పెరుగు కలుపుకుంటూ. "మీ నాయనమ్మ చిలికినట్టే ఉంది."