మూడు గ్లాసుల నీళ్ళు

మా వదిన లుద్వినకి రుచి తెలియడం మానేసి ఆ ఆదివారానికి ఎనిమిది నెలలు. ఫిబ్రవరిలో వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు, రుచీ రాలేదు. కొన్నాళ్ళకి అదే వస్తుందన్నాడు డాక్టరు. ఈ సంగతి ఊళ్ళో ఆమెకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆమె వంటమనిషి. కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవి పడమటి కొసన, గుట్ట మీద, పసుపు గోడల దొరల ఇల్లు ఒకటుంది. కట్టి రెండు వందల యాభై ఏళ్ళు. దాని కింది పొలంలో మా ముత్తాతలు జొన్న కోశారు. వసారాలో కూర్చుని తిన్నవాళ్ళు మాత్రం వాళ్ళలో ఒక్కరూ లేరు. ఇప్పుడా వసారాలో ఎనిమిది బల్లలున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా మా వదిన అక్కడ వండి పెడుతోంది. మా అన్న పోయినప్పటి నుంచి వడ్డన నాది. అంతకుముందు నేను ఓడలు బాగుచేసే రేవులో వెల్డర్ని.

ఇల్లు మాది కాదు. పాత ఇళ్ళని చూసుకునే ఒక సంస్థది. పదేళ్ళకోసారి లీజు కాయితం రాస్తారు. అందులో ఒక షరతు ఉంది: ఈ ఇంట్లో వండేది ఈ తీరం వంటే అని తీరంలోని పెద్దవాళ్ళు ఒకరు తిని చెప్పాలి. అవునంటే సంతకం. కాదంటే ఇల్లు ఇంకొకరికి. ఈసారి ఆ ఇంకొకరు అప్పటికే వచ్చి పోయారు. పెళ్ళిళ్ళకి హాలు చేస్తారట. వసారా పొడవూ వెడల్పూ టేపుతో కొలుచుకుని వెళ్ళారు.

తిని చెప్పడానికి వస్తున్నది ఒడీలియవ్వ. ఎనభై నాలుగేళ్ళు. అరవై ఏళ్ళపాటు ఈ వైపు ఊళ్ళన్నిట్లో పెళ్ళికీ చావుకీ ఆవిడే వండింది. సొంత మేనల్లుడి పెళ్ళిలో ఇంకెవరో చేసిన పులుసు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టేసి, ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళిపోయిందని చెప్పుకుంటారు.

పదకొండున్నరకే వస్తామని సంస్థ తరఫున రిగ్నాల్డ్ ఫోన్ చేశాడు. ఆ వేళకి ఇంకెవరూ ఉండరు, ప్రశాంతంగా తినొచ్చు, మంచిదేగా అన్నాను. వదిన మొహం మాడిపోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

నేను రుచి చూసి పెడతానని మార్చిలోనే అడిగాను.

"నలభై ఏళ్ళు సిగరెట్లు కాల్చిన నోరు నీది మరిదీ. నీకన్నా పెరట్లో మేక నయం," అంది.

పోనీ ఇంకెవరినైనా పెట్టుకుందామంటే, ఇంకొకరి నాలుక వంటింట్లోకి వచ్చాక ఆ వంట వాళ్ళదవుతుంది కానీ తనది కాదంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు నేను.

ఆమె ఎలా వండుతోందో కొంత నాకు తెలుసు. బెండకాయ పులుసుని కవ్వంతో చిలుకుతుంది, కవ్వం పైకెత్తుతుంది. జారే జిగురు తీగ జానెడు పొడవున తెగకుండా నిలిస్తే దించేస్తుంది. జొన్న సంకటికి చెవి చాలు. తెడ్డు కింద చప్పుడు మారగానే, వెనక్కి తిరిగి ఉన్నా సరే, మంట తగ్గిస్తుంది. ఉప్పు సంగతే నాకు అంతుపట్టలేదు. మొదటి వారం కొంచెం అటూ ఇటూ అయింది. ఆ తర్వాత ఒక్క గిన్నె కూడా వెనక్కి రాలేదు. చేతి అలవాటు అనుకున్నాను.

పులుసులో పడే ఉప్పు మాంసానికి చేతి అలవాటు పనికిరాదు, నిజానికి. అది పీపాల్లో వస్తుంది, ఒక పీపా ఉన్నట్టు ఇంకోటి ఉండదు. ఉప్పు దిగడానికి శనివారం మధ్యాహ్నం నీళ్ళలో వేస్తాం. ఆదివారం పొద్దున్న లోపల మూడుసార్లు నీళ్ళు మారుస్తాం. ఎవరు మార్చినా మూత మీద ఒక గులకరాయి పెట్టాలి. మా అమ్మా అలాగే చేసేది. మూడు రాళ్ళు పడ్డాయంటే మాంసం పొయ్యికి సిద్ధం.

ఆదివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి మూత మీద మూడు రాళ్ళున్నాయి.

పదకొండున్నరకి మూడు నిమిషాలుండగా కారు వచ్చింది. ఒడీలియవ్వ, ఆవిడ మనవరాలు, రిగ్నాల్డ్. అవ్వ కర్ర పట్టుకుని మెట్లెక్కి వసారా అంతా ఒకసారి చూసింది. గాలి ఎక్కువగా తగిలే బల్ల కావాలంది. మూడు గ్లాసుల్లో నీళ్ళు పోసి, మా పద్ధతి ప్రకారం ఆ రోజు వంటలు నోటితో చెప్పాను. మేక మాంసం కూర, ఉడుము కూర, బెండకాయ పులుసు.

"పులుసు," అంది అవ్వ. మిగతా ఇద్దరూ అదే అన్నారు.

మా బల్లల మీద ఉప్పు ఉండదు. ఎప్పుడూ లేదు. మిరపకాయలూ ఉల్లిపాయలూ ఊరేసిన సీసా ఒకటుంటుంది, అంతే. పులుసు ముందు ఇస్తాం. వాళ్ళు తింటుండగా సంకటి గెలికి, ఆవిరితో తెస్తాం.

మూడు గిన్నెలూ పెట్టి వంటింట్లోకి వచ్చాను. మా వంటింటి గోడలు ఎర్రగా ఉంటాయి, వాటి మీద తెల్ల చుక్కలు. ఈగల్ని తికమక పెట్టడానికని పెద్దవాళ్ళు అలా వేసేవారు, మేమూ ఏటా వేస్తాం. వదిన వసారా వైపు కిటికీ దగ్గర నిలబడి ఉంది. చెక్క రెప్పల సందులోంచి చూస్తోంది. రోజూ అక్కడే నిలబడుతుంది. గాలి కోసమనుకునేవాణ్ణి. పొయ్యి మీద సంకటికి నీళ్ళు మరుగుతున్నాయి, పిండి ఇంకా పడలేదు.

"మరిదీ, నువ్వు నిన్న మాంసం నీళ్ళు మార్చావా?"

నేను మార్చలేదనబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోశాను. పోస్తుండగా ఫోన్ మోగింది. వెళ్ళి మాట్లాడాను. రాయి పెట్టలేదు.

"మార్చాను. రాయి మర్చిపోయాను."

"అంటే నాలుగు నీళ్ళు. సగం ఉప్పు కాలవలో కలిసింది."

"నీకెలా తెలిసింది?"

ఆమె కిటికీ మీంచి చూపు తిప్పలేదు. "పది చెంచాలు తిన్నారు. ముగ్గురూ గ్లాసు ముట్టుకోలేదు. ఆ పిల్ల సీసా వైపు రెండుసార్లు చెయ్యి చాపి, ముసలావిడని చూసి వెనక్కి తీసుకుంది."

చేతిలో పళ్ళెంతో అలాగే నిలబడిపోయాను. పని చేసుకుంటూనే ఆమె మిగతాది చెప్పింది, పెద్ద విశేషమేమీ కానట్టు. ఉప్పు సరిపోతే మనిషి ఎనిమిదో తొమ్మిదో చెంచాకి ఒక గుక్క తాగుతాడు. ఎక్కువైతే నాలుగో చెంచాకే తాగుతాడు, గుక్క పెద్దదిగా ఉంటుంది. తక్కువైతే తాగడు, చెయ్యి సీసా వైపు పోతుంది. చేపలు పట్టేవాళ్ళు కొంచెం ఆలస్యంగా తాగుతారు, పిల్లలు తొందరగా. ఆదివారాలు మొదట వచ్చేది మన పక్క ఊరి జాలరి అన్నదమ్ములు. వాళ్ళని చూసి కుండ సరిచేసి తర్వాతి బల్లలకి పంపుతుంది. ఈ రోజు వాళ్ళకంటే ముందు వీళ్ళొచ్చారు.

ఎనిమిది నెలలు. రోజుకి నలభై మంది. అందరి గొంతులూ ఆ సందులోంచి చూసింది. పక్కనే పళ్ళేలు కడుగుతూ నేను ఏమీ చూడలేదు.

ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. ఎప్పుడూ వేసే పిడికెడు వేసింది. ఒక్క క్షణం ఆగింది. ఇంకో సగం వేసింది. పిండి పోసి తెడ్డు పట్టింది. పులుసులో లేనిది సంకటిలో పెట్టి పంపుతోంది. రెండూ నోట్లో కలవాలి. ఎంత వేయాలో చెప్పేవాళ్ళు లేరు. ఆమెకి తెలిసే దారీ లేదు. తెడ్డు నిలువుగా నిలబడింది. సంకటిని పళ్ళెంలోకి బోర్లించింది.

"పరిగెత్తు. సగం గిన్నె అయిపోతుంది."

నేను సంకటి పెట్టి వచ్చి, ఆమె పక్కన నిలబడి మొదటిసారి ఆ సందులోంచి చూశాను. ఒడీలియవ్వ సంకటి ముక్క విరిచి పులుసులో ముంచి తింది. నమలడం ఆపింది. ఇంకో ముక్క తింది. మనవరాలు గ్లాసు అందుకుని తాగింది. తర్వాత రిగ్నాల్డ్. అవ్వ తాగలేదు. గిన్నె ఖాళీ చేసింది, సంకటి ఖాళీ చేసింది, మూతి తుడుచుకుంది. అప్పుడు సగం గ్లాసు తాగింది. కర్ర తీసుకుని, అడగకుండానే వంటింట్లోకి వచ్చింది. రిగ్నాల్డ్ కాయితాల సంచితో వెనకే వచ్చాడు.

అవ్వ పొయ్యి చూసింది, మూత మీది రాళ్ళు చూసింది. గోడకి వేలాడుతున్న చెంచాలు ఒక్కొక్కటీ వేలితో తాకింది.

"సంకటిలో ఉప్పు ఎక్కువేశావు పిల్లా. కావాలనే వేశావు."

వదినకి డెబ్భై ఒకటి. "వేశానవ్వా," అంది.

"ఈ చెంచాల్లో ఒక్కటీ తడిగా లేదు. ఉప్పు చూడకుండా వండేదానికి పొగరైనా ఉండాలి, నోరైనా పాడై ఉండాలి. నీకు పొగరున్నట్టు లేదు. ఎన్నాళ్ళయింది?"

చెప్పొద్దని నేను అవ్వ వెనకనుంచి తల అడ్డంగా ఊపాను. రిగ్నాల్డ్ సంచి పట్టుకుని రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. వదిన నన్ను చూసింది, అతన్ని చూసింది.

"ఎనిమిది నెలలు. వాసన కూడా లేదు."

రిగ్నాల్డ్ సంచి కింద పెట్టాడు. అతను మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. ఇది తను కాయితంలో రాయక తప్పదన్నాడు. రేపు చేప పాడైతే ఎలా తెలుస్తుందని అడిగాడు. చేపకి కన్నూ మొప్పా చూస్తానని, పాలు ఈ వంటింట్లోకి రానివ్వనని వదిన చెప్పింది. మరి ఉప్పు ఎలా అన్నాడు. కిటికీ సంగతి నేనే చెప్పాను. అతను నమ్మలేదు. తప్పు నాదేనని, నేను రాయి పెట్టకపోవడం వల్లేనని కూడా చెప్పాను. అది విన్నాడో లేదో.

అప్పటికి జాలరి అన్నదమ్ములు వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి పులుసు పెట్టి వచ్చేసరికి ఒడీలియవ్వ కిటికీ దగ్గర వదిన భుజం పట్టుకుని నిలబడి ఉంది. రిగ్నాల్డ్ ఇంకో సందులోంచి చూస్తున్నాడు. వదిన ఈసారి కుండలో ఉప్పు సరిచేసే పంపింది.

"పెద్దాయన తొమ్మిదో చెంచాకి," అంది మెల్లిగా. "తమ్ముడు ఇంకా రెండు ఆగుతాడు."

రిగ్నాల్డ్ పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. తొమ్మిదో చెంచా కింద పెట్టి పెద్దాయన గ్లాసెత్తాడు. తమ్ముడు తింటూనే ఉన్నాడు. పది. పదకొండు. గ్లాసు లేచింది.

రిగ్నాల్డ్ మెడ మీద చెమట పట్టింది. అంత గాలిలో.

"అరవై ఏళ్ళు వండాను," అంది ఒడీలియవ్వ. "నాకు మంచి నాలుక ఉంది. అందుకే తినేవాళ్ళ మొహం ఒక్కనాడూ చూళ్ళేదు. గిన్నె ఖాళీ అయిందా లేదా అని చూశాను, అంతే." రిగ్నాల్డ్ వైపు తిరిగి, "కాయితం తియ్యి అబ్బాయ్," అంది.

పిండి బల్ల మీద కాయితం పరిచాడు రిగ్నాల్డ్. ఉన్నదున్నట్టు రాయమంది వదిన. వంటమనిషికి రుచీ వాసనా లేవని ఒక వాక్యం రాశాడు. దాని కింద, ఇది ఈ తీరం వంటేనని, తాను గిన్నె ఖాళీ చేశానని అవ్వ చెప్పి రాయించింది. సంతకం పూర్తి పేరుతో పెట్టింది. చాలాసేపు పట్టింది. ఎన్నేళ్ళకో రాయాల్సిన చోట రిగ్నాల్డ్ కలం ఆపాడు. ఇంతవరకూ ఎవరూ ఇలాంటిది రాయలేదని, ఐదు రాస్తే అందరికీ క్షేమమని అన్నాడు.

"పది రాయి," అంది అవ్వ. "ఐదేళ్ళకి నేనుంటే మళ్ళీ ఈ మెట్లెక్కాలి. నా మోకాళ్ళు నువ్విస్తావా?"

అతను నవ్వలేదు. వసారా వైపు ఒకసారి చూసి, పది రాశాడు.

బయట ఇంకో కారు ఆగింది. ఆరుగురు దిగారు, ఇద్దరు పిల్లలు.

"మరిదీ, మనుషులొచ్చారు," అంది వదిన.

నేను నీళ్ళ జగ్గు తీసుకుని వెళ్ళాను.